మాటలు మెత్తబడ్డాయని చెప్పాను

రిటైరయ్యాక నా రష్యన్ భాషతో ఎవరికీ పని లేకుండా పోయింది. ఉక్కు కర్మాగారంలో ముప్ఫై ఏళ్లకు పైగా దుబాసీగా పనిచేశాను. ఫ్యాక్టరీ కట్టే రోజుల్లో వచ్చిన రష్యన్ ఇంజనీర్ల పక్కన నిలబడి వాళ్ల మాట మనవాళ్లకీ, మనవాళ్ల మాట వాళ్లకీ చేరవేయడం, వాళ్లు వెళ్లిపోయాక వాళ్లిచ్చిన యంత్రాల పుస్తకాలు ఇంగ్లీషులోకి మార్చడం, అదే నా ఉద్యోగం. తర్వాత పెదవాల్తేరులో చిన్న ఫ్లాటు కొనుక్కుని నేనూ నా భార్యా వచ్చేశాం. ఒకరోజు పుస్తకాలు బాల్కనీలో ఎండకు పెడుతుంటే మాకు చేపలు తెచ్చే ఆవిడ చూసింది. "ఇదేటి బాబూ, అచ్చరాలు అద్దంలో సూసి రాసినట్టున్నాయి," అని నవ్వింది. రష్యన్ అని చెప్పాను. ఆ సంగతి ఆవిడ గుర్తుపెట్టుకుంది.

ఆవిడది జాలరిపేట. అప్పటికి నలభై అయిదు దాటి ఉంటుంది. పొద్దున్నే తట్టతో మెట్లెక్కి వచ్చేది. మా ఆవిడకి కానాగంత చేపలంటే ఇష్టమని మంచివి వేరుగా ఆకులో చుట్టి తెచ్చేది. ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైన మూడో రోజో నాలుగో రోజో తట్ట లేకుండా వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుని అంది.

"మా తమ్ముడి ఓడ అక్కడే ఇరుక్కుపోనాది బాబూ."

తమ్ముడి గురించి అంతకుముందు చాలాసార్లు చెప్పింది. వాడికి నాలుగేళ్లప్పుడు వేటకెళ్లిన తండ్రి తిరిగి రాలేదు. తర్వాత కొన్నాళ్లకే తల్లి పోయింది. అప్పటికి పెళ్లయిన ఈవిడే వాడిని తన ఇంట్లో పెట్టుకుని పెంచింది. తెప్ప ఎక్కనివ్వలేదు. సముద్రం వద్దని ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో వెల్డింగు నేర్పించింది. వాడు పని బాగా నేర్చుకున్నాడు. నేర్చుకున్నాక ద్వారకా నగర్‌లో ఒక ఏజెంటుని పట్టుకుని ఓడల్లో ఫిట్టరుగా వెళ్లిపోయాడు. "అంత పెద్ద ఇనప ఓడ అక్కా, తెప్ప కాదు కదా," అన్నాడట. ఈసారి మొక్కజొన్న ఎత్తుకోవడానికి ఉక్రెయిన్‌లో ఒక నది రేవుకి వెళ్లింది వాడి ఓడ. యుద్ధం రావడంతో రేవు మూసేశారు. నది బయట నీళ్లలో మందుపాతరలు పెట్టారు. ఇరవైమంది మనుషులతో ఓడ కదలకుండా నిలబడిపోయింది.

"మన టీవీలోళ్లు అరుత్తన్నారు గానీ ఒక్కముక్క అరదం అవట్నేదు. నీకు ఆల బాస వొచ్చు కదా. ఆల టీవీలో ఏటంటన్నారో ఇని నాకు సెప్పవా బాబూ? యుద్దం ఎప్పుడాపుతారో ఆలకి తెలీకుండా ఉంటాదేటి?"

నాకు వార్తలు అర్థమవుతాయి కానీ యుద్ధం ఎప్పుడు ఆగుతుందో ఎలా తెలుస్తుంది అని ఆ రోజే అనేసి ఉంటే సరిపోయేది. అనలేదు. ఎందుకంటే నాకు తెలుస్తుందనే అనుకున్నాను.

దానికి కారణం ఉంది. ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో నేను ఎక్కువగా ఒక బ్లాస్ట్ ఫర్నేస్ ఇంజనీరు దగ్గర ఉండేవాణ్ణి. యాభై దాటిన మనిషి. మాట తక్కువ. ఒక్కడే కొడుకు, వాణ్ణి సైన్యంలోకి తీసుకుని ఆఫ్ఘనిస్తాన్ పంపించారు. వాళ్ల దేశం నుంచి పత్రికలు కట్టలు కట్టలుగా పదిహేను రోజులు ఆలస్యంగా వచ్చేవి. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆయన వాటిని బల్ల మీద పరిచి, ఎర్ర పెన్సిలు తీసుకుని కూర్చునేవాడు. నన్నూ కూర్చోబెట్టుకునేవాడు. "యుద్ధంతో అలిసిపోయామని ఏ ప్రభుత్వమూ రాయదు. రాసింది చదవకు. నిన్నటిదాకా ఉండి ఇవాళ లేని మాట ఏదో చూడు," అనేవాడు. మొదట్లో అవతలివాళ్లను బందిపోట్లు అని రాసేవారు. కొన్నాళ్లకు సాయుధ ముఠాలు అన్నారు. తర్వాత ఒక పత్రికలో, లోపలి పేజీలో, ప్రతిపక్షం అన్న మాట కనిపించింది. ఆయన దాని చుట్టూ మూడుసార్లు గీత గీశాడు. "బందిపోట్లతో ఎవరూ మాట్లాడరు. ప్రతిపక్షంతో మాట్లాడతారు," అన్నాడు. ఆ తర్వాత 'మన సైనికులు తమ బాధ్యత పూర్తిచేశారు' అన్న మాట రావడం మొదలైంది. పూర్తయింది అంటున్నారంటే ఇంటికి తెస్తున్నారు అన్నాడాయన. అలాగే జరిగింది. కొడుకు క్షేమంగా ఇల్లు చేరాడని టెలిగ్రాం వచ్చిన రోజు, ఇనుప దుమ్ముతో ఎర్రబడ్డ చొక్కాతోనే వచ్చి నన్ను వాటేసుకుని ఏడ్చాడు. నాకు ముప్ఫై ఏళ్లు కూడా లేవు అప్పుడు. ప్రపంచంలో ఇంతకంటే పెద్ద విద్య లేదనుకున్నాను.

అందుకని ఆ మర్నాడే ఒక నోటుపుస్తకం కొన్నాను. రష్యా ప్రభుత్వ టీవీలో ఉదయం వార్తలు మనకు పదకొండు దాటాక వస్తాయి. ఫోన్లో పెట్టుకుని వినేవాణ్ణి. అవతలి దేశపు ప్రభుత్వాన్ని ఏమని పిలిచారు, చర్చలు అన్న మాట వార్తల్లో ఎన్నో నిమిషంలో వచ్చింది, 'మన షరతులు' అన్నారా లేక 'మన ప్రతిపాదనలు' అన్నారా, ఇవన్నీ తేదీలవారీగా రాసుకునేవాణ్ణి. ఆ వేళకి ఆవిడ అమ్మకం ముగించుకుని వచ్చి, ఖాళీ తట్ట మెట్ల మీద పెట్టి, గుమ్మం పక్కన కూర్చునేది. మా ఆవిడ టీ ఇచ్చేది. వార్తలు అయ్యేదాకా ఆవిడ నా మొహం చూస్తూ ఉండేది.

మొదట్లో జాగ్రత్తగానే చెప్పాను. ఇవాళ గట్టిగా ఉన్నారు, ఇవాళ కొత్తగా ఏం లేదు, అంతే. కానీ ఆవిడకి మెల్లగా ఆ పద్ధతి పట్టుబడింది. మూడు వారాలకే నాకంటే ముందు ఆవిడే అడిగేది.

"ఈయాల ముఠా అన్నారా, పెబుత్వం అన్నారా బాబూ?"

ప్రభుత్వం అన్నారని చెప్తే మొహం వెలిగిపోయేది. గబగబా మెట్లు దిగి వెళ్లిపోయేది. ఆ సాయంత్రానికి ఆ మాట వాళ్ల వీధంతా తిరిగేదట. అక్కడి నుంచి ఫోన్లో ఓడకు చేరేది. ఒకరోజు తమ్ముడికి మా ఇంటి నుంచే వీడియో కాల్ చేసి ఫోను నా చేతిలో పెట్టింది. ముప్ఫై ఒకటో ముప్ఫై రెండో ఉంటాయి ఆ అబ్బాయికి. పల్చటి మనిషి, నారింజ రంగు ఓవరాల్, తల మీద ఊలు టోపీ. వెనకాల ఇనుప గోడ, ఒక గుండ్రటి కిటికీ, అందులోంచి తెల్లటి ఆకాశం.

"నమస్తే సార్. మీరేటన్నారో అక్క రోజూ సెప్తంది. నాను మావోళ్లందరికీ సెప్తన్నాను. మా ఓడలో పేపరంటే మీరే సార్," అని నవ్వాడు. తిండి సరిపోతోందా అని అడిగాను. "బంగాళాదుంపలున్నాయి సార్. ఇంకేటీ నేదు. దుంపలతో పులుసెట్టీసినాను," అన్నాడు. పక్కనుంచి అక్క, "సింతపండు ఎక్కడిదిరా?" అని అడిగింది. వాళ్లిద్దరూ పులుసు గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఆవిడ వెళ్లాక నా భార్య అంది: "ఏవండీ, మీకు వచ్చింది భాష. యుద్ధం కాదు. ఆ మనిషి మీ మాట పట్టుకుని బతుకుతోంది. కాస్త చూసి చెప్పండి." నాకు కోపం వచ్చింది. నేను కల్పించి చెప్పడం లేదు, రాసుకున్నది చూసి చెప్తున్నాను అని పుస్తకం తెరిచి చూపించాను. తను చూడలేదు.

మామిడికాయలు బజార్లోకి వస్తున్న రోజుల్లో వార్తల్లో నిజంగానే తేడా వచ్చింది. వరుసగా మూడు రోజులు ముఠా అన్న మాట వినపడలేదు. చర్చలు అన్న మాట చివరి నుంచి మొదటికి వచ్చింది. పైగా, మొదట అనుకున్న పనులు చాలావరకు నెరవేరాయి అన్న అర్థం వచ్చే మాట ఒకటి రెండు పూటలా చదివారు. నెరవేరాయి. ఆ ఒక్క మాట వినగానే ఎర్ర పెన్సిలు పట్టుకున్న చెయ్యి కళ్ల ముందు కనిపించింది.

సరిగ్గా ఆ మూడో రోజునే ఓడ వాళ్లకు బస్సు ఏర్పాటయింది. మర్నాడు తెల్లవారుతూనే రేవు నుంచి బయల్దేరి సరిహద్దు దాటిస్తారు. కాని ఓడలో నలుగురు ఉండాలి. జనరేటర్ నడపాలి, నీళ్లు తోడాలి, కావలి ఉండాలి. ఎవరుంటారో వాళ్లే తేల్చుకోవాలి. ఆవిడ పరుగెత్తుకుంటూ వచ్చింది. తమ్ముడు అప్పటికే లైన్లో ఉన్నాడు.

"జనరేటర్ ఆపీసి వొచ్చేత్తే ఓడ సచ్చిపోద్ది సార్. ఫిట్టరు కావాలని కేప్టెను నన్నే సూత్తన్నాడు. బలవంతం ఏటీ నేదు. బస్సు దారిలో కారుల మీద పేల్చేత్తన్నారంట. ఉండిపోమంటారా, వొచ్చీమంటారా సార్?"

అక్క నా వైపు చూసింది. "నువ్వు సెప్పు బాబూ. నువ్వేదంటే అది."

నా భార్య వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. చేతిలో సగం తరిగిన మామిడికాయ ఉంది. నేను తన వైపు చూడలేదు.

"మెత్తబడ్డారు," అన్నాను. "మూడు రోజులుగా చూస్తున్నాను. పది పదిహేను రోజుల్లో ఏదో ఒక ఒప్పందానికి వస్తారు. ఈ నాలుగు రోజుల కోసం ఆ దారిలో ప్రాణాల మీదకి తెచ్చుకోవడం ఎందుకు? ఓడలో ఉంటే చుట్టూ ఇనుప గోడలైనా ఉన్నాయి కదా."

ఆ మాటలన్నీ నావే. ఒక్కటీ ఎవరూ నాతో అనిపించలేదు.

"సరే సార్," అన్నాడు. తర్వాత అక్కతో, "సూసినావా, నానన్నాను కదా, ఉండిపోతానని," అన్నాడు. ఆవిడ కళ్లు తుడుచుకుంది. నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

బస్సు మర్నాడు బయల్దేరింది. రెండో రోజుకి సరిహద్దు దాటింది. ఎవరికీ గోరంత దెబ్బ కూడా తగల్లేదు. పదహారుమంది విమానం దిగి పూలదండలతో టీవీలో కనపడ్డారు. ఆవిడ ఆ రోజు వచ్చి, "పోన్లే బాబూ, ఆలైనా ఒచ్చీసినారు. మావోడు ఓ పది రోజులు ఎనకాల," అంది.

బస్సు వెళ్లిన అయిదో రోజున వార్తల్లో ముఠా అన్న మాట తిరిగి వచ్చింది. ఒకసారి కాదు, పదకొండు సార్లు లెక్కపెట్టాను. చర్చలు అన్న మాట ఎక్కడా లేదు. మర్నాడు అంతకంటే ఘోరంగా ఉంది. నెరవేరాయి అన్న నోటితోనే ఇప్పుడు అంతం చూస్తాం అంటున్నారు. నేను పుస్తకంలో రాసుకున్నాను. గుమ్మం పక్కన ఆవిడ కూర్చుని ఉంది.

"ఏటన్నారు బాబూ?"

"కొత్తగా ఏం లేదమ్మా. అలాగే ఉంది."

అబద్ధం. ఆరు రోజులు అదే చెప్పాను. నిజం చెప్తే ఏమవుతుంది, బస్సు వెళ్లిపోయింది కదా, మళ్లీ మారుతుందేమో, అప్పుడు చెప్పొచ్చు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. నేను తప్పానని ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. ఆ ఆరు రోజులూ ఆవిడ నన్ను ఎక్కువ అడగలేదు. టీ కూడా సగం తాగి లేచిపోయేది.

ఆ ఆరు రోజులూ గడిచిన మర్నాడు వార్తల్లో నాలుగో అయిదో అంశంగా ఆ రేవు పేరు వచ్చింది. రేవులో ఉన్న ఒక విదేశీ సరుకు ఓడకు అవతలివాళ్ల గుండు తగిలి మంటలు లేచాయని చదివింది న్యూస్ రీడరు. ఒకటే వాక్యం. ఆ వాక్యంలో ఓడ ఉంది, గుండు ఉంది, నేరం ఎవరిదో ఉంది. మనుషులు లేరు. తర్వాత గోధుమల ధర గురించి మొదలుపెట్టింది.

నేను ఫోను ఆపేశాను. ఆవిడ లేచి నిలబడింది.

"ఏటయినాది?"

"ఒక ఓడకు దెబ్బ తగిలిందట. పేరు చెప్పలేదు. ఆ రేవులో చాలా ఓడలున్నాయి కదా. నువ్వొకసారి ఫోన్ చెయ్యమ్మా."

చేసింది. మోగుతోంది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. స్పీకర్ పెట్టింది, ఆ మోత మా హాలంతా వినపడుతోంది. ఏడుసార్లో ఎనిమిదిసార్లో చేసింది. "పనిలో ఉన్నాడేటో. ఇంజను రూములో ఇనపడదు," అంది తనలో తనే. తర్వాత మోగడం కూడా ఆగిపోయింది. నా భార్య వచ్చి ఆవిడ భుజాలు పట్టుకుని కింద కూర్చోబెట్టింది. మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఏజెంటు ఆఫీసు నుంచి ఆవిడ భర్తకి ఫోను వచ్చింది. ఆయన వచ్చి మా ఇంటి మెట్ల మీదే ఆ మాట చెప్పాడు. మిగిలిన ముగ్గురూ గాయాలతో బతికారు.

ఆవిడ అరుపు మా అపార్ట్‌మెంటులో అందరూ విన్నారు.

ఎవరి గుండో ఇప్పటికీ తెలియదు. వీళ్లు వాళ్లదన్నారు, వాళ్లు వీళ్లదన్నారు. శరీరం పక్క దేశం మీదుగా ఇల్లు చేరడానికి రెండు నెలలు పట్టింది. నేను వెళ్లాను. పెట్టె తెరవనివ్వలేదు. ఆ జనంలో వెనకాల నిలబడి వచ్చేశాను.

తర్వాత కొన్నాళ్లకి ఒక మధ్యాహ్నం ఆవిడ ఒక పాలిథిన్ కవరుతో వచ్చింది. భర్త కింద ఆటోలో కూర్చుని ఉన్నాడు, పైకి రాలేదు. కవరులో కాగితాలు ఉన్నాయి, ఉక్రెయిన్ భాషలోవి. రష్యన్‌కి దగ్గర భాషే గానీ నాకు పూర్తిగా రాదు.

"ఇందులో ఏటి రాసుందో సెప్పు బాబూ. ఏజెంటోళ్లు ఇంగిలీసు ముక్కొకటిచ్చినారు గానీ అందులో అంతా నేదంట. మా ఆయన అడగొద్దన్నాడు. నాకు కావాలి."

గంటసేపు పట్టింది. మరణ ధ్రువీకరణ పత్రం, ఆసుపత్రి కాగితం, వస్తువుల జాబితా. ఒక్కొక్క మాటా వెతుక్కుంటూ చదివాను. ఛాతీలో ఎడమవైపు ఇనుప ముక్కలు. రక్తస్రావం. ఆసుపత్రికి తెచ్చేటప్పటికే ప్రాణం లేదు. వస్తువులు: పగిలిన ఫోను ఒకటి, వెల్డింగ్ కళ్లద్దాలు ఒకటి, ఊలు టోపీ ఒకటి, స్టీలు గ్లాసు ఒకటి, దుప్పట్లు రెండు.

"నొప్పి తెలిసినాదేటి బాబూ వాడికి?"

వెంటనే పోయాడమ్మా, తెలిసి ఉండదు అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"రాసుంటేనే సెప్పు."

"రాయలేదమ్మా."

తల ఊపింది. కాగితాలు ఒకటొకటిగా మడిచి కవరులో పెట్టుకుంటోంది. అప్పుడు చెప్పాను. ఆ చివరి ఆరు రోజులూ మాటలు మళ్లీ గట్టిపడ్డాయి, నాకు తెలిసి కూడా చెప్పలేదు, అలాగే ఉందని అబద్ధం చెప్పాను అన్నాను. ఉండిపొమ్మన్నది కూడా నేనే కదమ్మా అన్నాను. నా భార్య లోపలికి వెళ్లిపోయింది.

ఆవిడ ఆఖరి కాగితం కూడా మడిచి కవరులో పెట్టుకుంది. తర్వాత అంది:

"తెల్సు బాబూ. అబద్దమాడేటప్పుడు నువ్వు పుస్తకం మూసీసీవోడివి. మొదటి రోజే కనిపెట్టినాను. ఆ రేత్రే వాడికి ఫోన్ సేసి, ఎలాగోలా వొచ్చీరా అన్నాను. మరి బస్సు నేదక్కా, ఎలాగొస్తాను, అన్నాడు. నీకు సెప్పనేదు. నువ్వు బాధపడతావని."

నన్ను క్షమించిందో లేదో ఆ మాటలో నాకు తెలియలేదు. తెలుసుకునే ధైర్యమూ లేదు. కవరు చంకలో పెట్టుకుని, గోడ పట్టుకుని మెట్లు దిగింది.

మళ్లీ మా ఇంటికి చేపలు తేలేదు. నా భార్యే అప్పుడప్పుడు జాలరిపేట వెళ్లి, ఒడ్డున ఆవిడ తట్ట ముందు కూర్చుని కొనుక్కొస్తుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో నాకు చెప్పదు. నేను వార్తలు వినడం మానేశాను. నోటుపుస్తకం చించడానికి చేతులు రాలేదు, బీరువాలో బట్టల కింద ఉంది.

తమ్ముడు పోయి ఏడాది తిరిగిన రోజున ఆవిడ మమ్మల్ని భోజనానికి పిలిచింది. వెళ్లకూడదనుకున్నాను. "పిలిచింది ఆవిడ. రాననడానికి మీరెవరు?" అంది నా భార్య. వెళ్లాం. వాళ్ల ఇంటి ముందు పందిరి వేసి, వీధికి అడ్డంగా బల్లలు వేశారు. గోడకి ఆ అబ్బాయి ఫోటో పెట్టారు, ఓవరాల్‌లో ఉన్నదే. చుట్టాలెవరో నన్ను చూసి ఎవరీయన అని అడిగారు. నేను విస్తరిలోకి చూస్తూ కూర్చున్నాను. ఆవిడ అన్నం గిన్నె పట్టుకుని వచ్చింది.

"ఈ బాబు మా తమ్ముడితో ఫోన్లో మాటాడినారు," అంది వాళ్లతో. అంతే. నా విస్తట్లో అన్నం పెట్టింది. తర్వాత బంగాళాదుంపల పులుసు పోసింది. తినమని నిలబడింది.

ముద్ద కలిపాను. ఆవిడ పక్క విస్తరికి వెళ్లేదాకా అలాగే చేత్తో పట్టుకుని కూర్చున్నాను.